బోరు నీళ్లలోని సున్నం ఎక్కడికి పోతుంది?

(హైదరాబాద్ శివారు నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో, నివాసుల సమావేశంలో ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే టిఫిన్లు పక్కనపెట్టి ఇంతమంది వచ్చారంటే, ఈ నీళ్లతో ఎంత విసిగిపోయి ఉన్నారో అర్థమవుతోంది. మీ సంఘం వాళ్లు నన్ను అడిగింది ఒకటే. ఫ్లాటుకు ఇంత అని వసూలు చేసి సంపు దగ్గర నీళ్లలోని సున్నం తీసే పెద్ద సాఫ్ట్‌నర్ పెట్టించాలా వద్దా అని. నా మాట ముందే చెప్పేస్తాను. పెట్టించుకోవచ్చు. కాకపోతే నీళ్లు పరీక్ష చేయించకుండా, దాంట్లోంచి బయటికొచ్చే ఉప్పునీళ్లు ఎక్కడికి వదలాలో తేల్చుకోకుండా మాత్రం పెట్టించుకోవద్దు. ఎందుకో చెబుతాను.

ఈ బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకదాంట్లో ఇందాక మీ వాచ్‌మన్ బోరు పైపు దగ్గర పట్టి ఇచ్చిన నీళ్లు. రెండోదాంట్లో మంజీరా నీళ్లు. కుళాయిలో వచ్చేది గోదావరి నీళ్లే అయినా ఇక్కడ మనందరం మంజీరా అనే అంటాం కాబట్టి నేనూ అలాగే అంటాను. ఈ గ్లాసులో ఉన్నది సబ్బు తురిమి కరిగించిన నీళ్లు. రెండు సీసాల్లోనూ పదేసి చుక్కలు వేస్తున్నాను. మూతలు బిగించి ఊపుతున్నాను. చూడండి, మంజీరా సీసాలో నురగ మెడదాకా లేచి నిలబడింది. బోరు సీసాలో నురగ లేదు. నీళ్లు తెల్లగా మసకబారి, పైన ముక్కలు ముక్కలుగా తెట్టు తేలింది. వెనక కూర్చున్నవాళ్లకు కనబడదు, సీసాలు చేతులు మార్చుకుంటూ చూడండి. సబ్బు విరిగిపోతోంది అని ఇళ్లలో అంటుంటారే, ఇదే.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉన్నాయి. మనం సున్నం అంటున్నది వీటినే, ఇవి ఎంత ఉన్నాయో చెప్పే కొలతను కాఠిన్యం అంటారు. సబ్బు వాటితో కలిసి నీళ్లలో కరగని తెట్టుగా మారిపోతుంది. నీళ్లలో ఉన్న కాల్షియం అంతా తెట్టుగా మారేదాకా నురగ రాదు. అంటే మొదట వేసిన సబ్బంతా మన మురికికి కాదు, ఆ కాల్షియానికే ఖర్చవుతుంది. లెక్క కోసం లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉందనుకుందాం. 20 లీటర్ల బకెట్టులో 10 గ్రాములు. ఆ పది గ్రాములకు ఖర్చయ్యే సబ్బు సుమారు 60 గ్రాములు. బట్టలు ఒక్కటీ శుభ్రపడకముందే అంత సబ్బూ పోయింది. డిటర్జెంట్ పౌడర్లు ఇంతగా విరిగిపోవు, వాటిలో సోడా కూడా కలుపుతారు, అందుకే పని జరుగుతోంది. అయినా పౌడరు ఎక్కువ పోస్తాం, తువ్వాళ్లు అట్టల్లా బిగుసుకుపోతాయి, తెల్లచొక్కాలు బూడిదరంగుకు తిరుగుతాయి. పాతకాలంలో చాకిరేవుల దగ్గర బట్టలు చౌడులో ఉడకబెట్టేవారు. చౌడులో ఉండే సోడా ముందు నీళ్లలోని కాల్షియాన్ని తీసేసేది, ఆ తర్వాత మురికి వదిలేది.

ఇంతకీ ఈ కాల్షియం ఎక్కడిది? మన కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండ. ఇసుక నేలల్లో ఉన్నట్టు ఇక్కడ నీళ్లు పరుచుకుని ఉండవు, బండ పగుళ్లలో ఉంటాయి. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ పులుపుతో రాతిని, మధ్యలో తగిలే సుద్ద పొరలను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలవ ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది. పైనీళ్లు ఎండిపోయి మనం వెయ్యి అడుగులకు దిగుతున్నాం కదా, అక్కడ దొరికేది ఎప్పటివో పాతనీళ్లు. పైనుంచి సెప్టిక్ ట్యాంకుల ఊట, నాలాల మురుగు కూడా తోడవుతాయి.

హైదరాబాద్ నగరం ఈ నీళ్లు తాగి పెరిగింది కాదు. 1908లో మూసీ వరదల తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ తర్వాత మంజీరా వచ్చింది, 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చాయి. ఇవన్నీ పైనీళ్లు, నేల మీద పారేవి, బోరు నీళ్లంత కఠినంగా ఉండవు. ఇళ్లు పైపులైన్ల కంటే వేగంగా బయటికి పాకిపోయాయి. అందుకే శివార్లలో ఉన్న మనం బోర్ల మీదా ట్యాంకర్ల మీదా పడ్డాం.

అంకెలు రెండే గుర్తుపెట్టుకోండి. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మీ నీళ్లు ఎక్కడున్నాయో ఈ చిన్న కిట్టుతో ఇంట్లోనే చూసుకోవచ్చు. కొలిచిన నీళ్లలో ఈ రంగు పొడి వేస్తే ద్రాక్షరసం రంగు వచ్చింది చూడండి. ఇప్పుడు రెండో సీసాలోని మందు చుక్కచుక్కగా వేస్తున్నాను. ఇంకా ఎర్రగానే ఉంది. కొంచెం ఊదారంగుకు తిరుగుతోంది... ఇదిగో, నీలం. రంగు పూర్తిగా నీలమయ్యేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టాలి. ఒక చుక్కకు ఎంత లెక్కో కిట్టు మీద రాసి ఉంటుంది. పిల్లలు కూడా చేయగలరు. చేతిలో ఇది ఉంటే ఎవరు ఏ మెషీన్ అమ్మడానికి వచ్చినా ముందు నీళ్లు, తర్వాత నీళ్లు మీరే పోల్చి చూసుకోవచ్చు.

ఇక ఇంట్లోకి వద్దాం. నీళ్లలోని కాఠిన్యంలో కొంత మరిగిస్తే పోయేది ఉంటుంది, బైకార్బొనేట్ల రూపంలో. వేడి తగలగానే అది సున్నపురాయిగా మారి అడుక్కి దిగుతుంది. మీ గీజరు కాయిల్ మీద గార కట్టేది అదే, కెటిల్లో తెల్లపొర అదే. గారపట్టిన కాయిల్ తన వేడిని నీళ్లకు సరిగ్గా ఇవ్వలేక తనే కాగిపోయి కాలిపోతుంది. గార వల్ల కరెంటు బిల్లు రెట్టింపవుతుందని అమ్మేవాళ్లు చెబుతుంటారు. కరెంటు గీజరు విషయంలో నేను అది ఒప్పుకోను. కాయిల్ నీళ్లలోనే మునిగి ఉంటుంది, ఆలస్యమైనా వేడి నీళ్లకే చేరుతుంది. నష్టం కాయిల్‌కీ ట్యాంకుకీ. గ్యాస్ గీజర్లలో మాత్రం నిజంగానే ఇంధనం వృథా. సోలార్లో రాగి గొట్టాల ప్యానెళ్లున్నవి బోరు నీళ్లకు పూడుకుపోతాయి. అలాంటివి వాడేవాళ్లు హీట్ ఎక్స్చేంజర్, అంటే బోరు నీళ్లు ప్యానెల్లోకి పోకుండానే వాటికి వేడి అందించే ఏర్పాటు, ఉన్నది అడగండి. గీజరు నాబ్ 75 దాకా తిప్పి తర్వాత చన్నీళ్లు కలుపుకునే అలవాటు చాలామందికి ఉంది. 55 దగ్గర పెట్టండి. వేడి పెరిగేకొద్దీ గార ఎక్కువ దిగుతుంది. ఏడాదికోసారి సర్వీసు చేయించినప్పుడు లోపలి యానోడ్ రాడ్డు ఎంత మిగిలిందో చూపించమని అడగండి. ట్యాంకు తుప్పు పట్టకుండా ముందు తను అరిగిపోవడమే దాని పని.

కుళాయిలకు, షవర్లకు పట్టిన తెల్లచారలకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు వేడినీళ్లలో రెండు చెంచాలు కలిపి, ప్లాస్టిక్ కవర్లో పోసి షవర్ మూతికి కట్టి రాత్రంతా ఉంచండి. పాలరాతి మీద మాత్రం పడనివ్వకండి, మచ్చ పడుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెప్పాల్సిన మాట ఉంది. మన బాత్రూముల్లో ఆ చారలు ఎవరు తోముతున్నారు? చాలా ఇళ్లలో పనిచేసే అమ్మలు. వాళ్ల చేతికి మనం యాసిడ్ సీసా ఇస్తాం. గ్లౌజులు ఉండవు, కిటికీ తెరిచి ఉండదు. పైగా పక్కనే బ్లీచింగ్ పౌడరు డబ్బా. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న బాత్రూములో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికి కూడా తెస్తుంది. కాళ్ల పగుళ్లకూ చేతుల పగుళ్లకూ ఒక కారణం మనం వాళ్లతో వాడిస్తున్న సోడా, యాసిడ్‌లే. యాసిడ్ ఇంట్లోకి తేవడం మానండి. తప్పదనుకుంటే రబ్బరు గ్లౌజులు కొనిచ్చి, బ్లీచింగ్ పౌడరును ఆ గదిలోంచి బయట పెట్టండి. నిమ్మ ఉప్పుతో అరగంట నానబెట్టి తోమితే వారానికోసారి సరిపోతుంది. సున్నం గట్టిపడేదాకా వదిలేస్తేనే యాసిడ్ అవసరం పడేది.

వంటింటి సంగతి ఆడవాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఊళ్లలో బావిని ఎంచేటప్పుడు దాని నీళ్లలో పప్పు ఉడుకుతుందా లేదా అని చూసేవారు. అది అక్షరాలా నిజమైన పరీక్ష. కందిపప్పులో గింజను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. నీళ్లలోని కాల్షియం దానికి అతుక్కుని ఇంకా బిగిస్తుంది. అందుకే ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు పలుకులుగానే మిగులుతుంది. వంటసోడా వేస్తే మెత్తబడుతుంది గానీ అందులోని బి విటమిన్ కొంత పాడవుతుంది. పప్పు నానబెట్టడానికీ వండడానికీ మంజీరా నీళ్లు వాడండి, రోజుకు రెండు లీటర్లు పక్కన పెట్టుకుంటే చాలు. అవి లేనిరోజు బోరు నీళ్లను పది నిమిషాలు తెర్లనిచ్చి, చల్లారాక పైతేట వంచుకోండి. మరిగితే పోయే భాగం పోతుంది. కుక్కరు అడుగున నీళ్లలో చింతపండు పిప్పి గానీ పిండేసిన నిమ్మచెక్క గానీ వేసేవాళ్లు ఇంకా ఉన్నారు కదా. మంచి అలవాటు. ఆ పులుపు గారనూ పట్టనివ్వదు, అల్యూమినియం నల్లబడటాన్నీ ఆపుతుంది.

జుట్టు గురించి అడగమని ఇందాకే ఇద్దరు పిల్లలు చీటీ పంపారు. కాలవ నీళ్ల ఊళ్ల నుంచి, భీమవరం, తెనాలి వైపు నుంచి ఇక్కడికి చదువుకో ఉద్యోగానికో వచ్చినవాళ్లంతా చెప్పే మాటే ఇది. వచ్చిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టే అని. బోరు నీళ్లు వెంట్రుక మీద పొర కట్టి గరుకుగా చేస్తాయి. చిక్కులు పడతాయి, దువ్వితే మధ్యలో తెగుతుంది. అంతవరకు నిజం. కుదుళ్లతో సహా ఊడిపోవడం వేరు. ఊరు మారడం, నిద్ర చెడటం, తిండి మారడం, జ్వరం, ఐరన్ తక్కువ కావడం, థైరాయిడ్, ఇలాంటివాటి తర్వాత సరిగ్గా రెండు మూడు నెలలకే జుట్టు కుదుళ్లతో రాలుతుంది. కొత్త ఊరికి వచ్చిన టైమూ నీళ్లు మారిన టైమూ ఒకటే కావడంతో నింద నీళ్ల మీద పడుతోంది. రాలిన వెంట్రుకను చూడండి. కొసన చిన్న తెల్లబుడిపె ఉంటే కుదురు నుంచి వచ్చింది. అలాంటివి ఎక్కువుంటే షవర్ ఫిల్టర్ కొనకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి, రక్తపరీక్ష చేయించుకోండి. ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత ఎక్కువో మనకు తెలుసు. ఆ డబ్బు ఫిల్టరుకు పోసి అసలు జబ్బును వదిలేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

గరుకుతనానికి తేలిక ఉపాయం తలస్నానంలో ఆఖరి చెంబులు మంజీరా నీళ్లు పోసుకోవడం. ఇంకోటి, కుంకుడుకాయ. సబ్బులా అది కాల్షియంతో విరిగిపోదు. ఈ బోరు నీళ్లలోనే కుంకుడు రసం వేసి ఊపుతాను, చూడండి... వచ్చింది కదా నురగ? మన నాయనమ్మలు ఉప్పునీళ్ల బావుల ఊళ్లలో కూడా వాడగలిగింది అందుకే.

తాగడం విషయానికొస్తే, కాఠిన్యానికి ఆరోగ్యపరంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి ఏదీ పెట్టలేదు. మెగ్నీషియం, సల్ఫేటు రెండూ ఎక్కువుంటే కొత్తవాళ్లకు విరేచనాలవుతాయి, రుచి బాగోదు. కిడ్నీలో రాళ్లకు కారణం నీళ్లలోని సున్నమేనని మనలో గట్టి నమ్మకం. అసలు కారణాల్లో ముందు చెప్పుకోవలసింది తక్కువ నీళ్లు తాగడం. భోజనంతోపాటు లోపలికెళ్లే కాల్షియం, రాళ్లు కట్టించే ఆక్సలేట్ అనే పదార్థాన్ని పేగుల్లోనే పట్టేసుకుంటుంది కూడా. రాళ్లు వచ్చినవాళ్లు భయపడి నీళ్లు తగ్గించడం ఉన్న కష్టాన్ని పెంచుకోవడమే. నేను భయపడేది వేరేవాటికి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇవి నాలుకకు తెలియవు, గీజరు మీద కనబడవు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో తరచుగా కాల్షియం తక్కువగా ఉంటుంది. నురగ బాగా వస్తోంది కదా మంచి బోరు అని నమ్మడానికి లేదు. సాఫ్ట్‌నర్ ఈ రెండింటినీ తీయలేదు.

ఇప్పుడు అమ్మకాల సంగతి. మీలో చాలామంది ఇళ్లకు ఒకతను వచ్చి రెండు గ్లాసులు పెట్టి, వాటిలో ఇనుప కడ్డీలున్న చిన్న మెషీన్ ముంచి ప్లగ్గు పెట్టి ఉంటాడు. ఒక నిమిషంలో మీ నీళ్లు బురదరంగుకు, పాకురంగుకు తిరుగుతాయి. ఆర్వో నీళ్లు తేటగా ఉంటాయి. చూశారా, ఇదంతా మీ కడుపులోకి పోతోంది అంటాడు. ఆ బురద మీ నీళ్లది కాదండీ. అతని ఇనుప కడ్డీది. ఉప్పులు కరిగి ఉన్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పు అవుతుంది. ఆర్వో నీళ్లలో ఉప్పులు లేవు, కరెంటు పారదు, కడ్డీ కరగదు. ఆ ఆర్వో నీళ్లలోనే చిటికెడు వంటింటి ఉప్పు వేసి మళ్లీ ముంచమనండి. అవీ బురదే అవుతాయి. పసిపిల్లలున్న తల్లులను అలా భయపెట్టి సరుకు అమ్మడం అన్యాయం.

రెండోది టీడీఎస్ పెన్ను. అది మొత్తం కరిగిన ఉప్పుల అంచనా మాత్రమే చెబుతుంది, అందులో కాల్షియం ఎంత, సోడియం ఎంత అని చెప్పదు. సాఫ్ట్‌నర్ పెట్టాక టీడీఎస్ తగ్గదు. తగ్గలేదని సాఫ్ట్‌నర్ పాడైందనుకోవద్దు. పైపుకు అయస్కాంతం బిగిస్తే నీళ్లు మెత్తబడతాయన్నవాళ్లు వస్తే ఈ చుక్కల కిట్టుతో ముందూ వెనకా కొలవండి. కాల్షియం ఎటూ పోదు, చుక్కలు సమానంగానే వస్తాయి. ఆర్వో తాగడానికి పనికొస్తుంది గానీ లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ నీళ్లలో సున్నం మరింత చిక్కగా ఉంటుంది. ఫ్లషుకు, నేల తుడవడానికి వాడండి. వాషింగ్ మెషీన్లో పోయకండి.

సాఫ్ట్‌నర్ దగ్గరికి వద్దాం. ట్యాంకు లోపల రెజిన్ పూసలుంటాయి. అవి కాల్షియాన్ని పట్టుకుని, బదులుగా సోడియం వదులుతాయి. పూసలు నిండిపోయాక చిక్కటి ఉప్పునీళ్లతో కడగాలి. అప్పుడు పట్టుకున్న కాల్షియమంతా బయటికి వచ్చేస్తుంది. సున్నం మాయం కాదు, చోటు మారుతుంది.

వంద ఫ్లాట్లు, నాలుగు వందలమంది అనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్లు, మొత్తం 54,000 లీటర్లు. కాఠిన్యం 500 అయితే రోజుకు 27 కిలోల సున్నం. దాన్ని పూర్తిగా తీయాలంటే రోజుకు 55 నుంచి 80 కిలోల ఉప్పు కావాలి. నెలకు సుమారు రెండు టన్నులు. ఇదంతా ఎక్కడికి వెళుతోంది? నేను చూసిన కొన్ని చోట్ల ఆ పైపును దగ్గర్లో ఉందని ఇంకుడు గుంతలోకి వదిలారు. అంటే రెండు టన్నుల ఉప్పును ప్రతి నెలా మన బోర్లలోకి మనమే పంపుతున్నాం. కొన్నేళ్లలో ఆ నీళ్లు కఠినంగానే కాదు, ఉప్పగా కూడా తయారవుతాయి. ఉప్పదనం తీయడం సాఫ్ట్‌నర్ వల్ల కాదు. వాననీటి కాలువలో వదిలితే అది చెరువుకు చేరుతుంది. మురుగు లైనులోకే పంపాలి. మీ మురుగు శుద్ధి ప్లాంటు, అదే ఎస్టీపీ, నీళ్లు తోటకు వాడుతున్నారు కదా, ఎస్టీపీ ఉప్పును తీయలేదు. మొక్కల ఆకుల అంచులు మాడుతున్నాయని తోటమాలి చెబితే నమ్మండి, సోడియం మట్టిని గడ్డకట్టిస్తుంది.

కాబట్టి అసలు ఉప్పే తక్కువ వాడాలి. ఫ్లషుకు పోయే 45 లీటర్లకు మెత్తటి నీళ్లు అక్కర్లేదు. మిగతా నీళ్లలోనూ కాఠిన్యాన్ని సున్నాకు దించాల్సిన పనిలేదు. బైపాస్ వాల్వుతో కొంత బోరు నీళ్లు కలిపి 150 దగ్గర ఆపితే గీజర్లకూ జుట్టుకూ చాలు. అలా చేస్తే తీయాల్సిన సున్నం 27 కిలోల నుంచి 13 కిలోల లోపుకు దిగుతుంది. ఉప్పు ఖర్చు సగం. మెషీన్ కొనేటప్పుడు గడియారం ప్రకారం కాకుండా వాడిన నీళ్ల కొలత ప్రకారం కడుక్కునేది, ఉప్పునీళ్లను ఎదురు దిశలో పంపేది అడగండి. కొటేషన్లో ధరతోపాటు కిలో సున్నానికి ఎంత ఉప్పు పడుతుందో రాసివ్వమనండి. రాసివ్వనివాళ్ల దగ్గర కొనొద్దు.

ఇంకొకటి, 500 కాఠిన్యం పూర్తిగా తీసిన నీళ్లలో లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియం అదనంగా చేరుతుంది. రెండు లీటర్లు తాగితే 460. పెద్దవాళ్లకు రోజంతటికీ రెండు గ్రాముల సోడియం లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు సాఫ్ట్‌నర్ నీళ్లు నేరుగా తాగవద్దు. ఆర్వో ఉంటే సోడియం పోతుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ప్రశ్నలు అడగండి.

(ఒక అమ్మ: మా పాపకు చర్మం పొడిబారి దురద, సాఫ్ట్‌నర్ పెడితే తగ్గుతుందా?)

అమ్మా, కఠిన జలాలున్న ప్రాంతాల్లో ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు, కొంచెం ఎక్కువ అని కొన్ని అధ్యయనాలు చూపాయి. కానీ ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల మీద చేసిన ఒక పరీక్షలో, ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టినందువల్ల అదనపు లాభం కనబడలేదు. 2011లో ఆ ఫలితం వచ్చింది. సబ్బు తగ్గించండి, గోరువెచ్చటి నీళ్లు వాడండి, ఒంటి తడి ఆరకముందే డాక్టరు చెప్పిన క్రీమ్ గానీ కొబ్బరినూనె గానీ రాయండి. పాప కోసమే అయితే సాఫ్ట్‌నర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

(ఒకాయన: వాన నీళ్లు పట్టుకుంటే ఈ గొడవ లేదు కదా సార్?)

వాన నీళ్లలో కాఠిన్యం దాదాపు ఉండదు, మీరన్నది నిజం. వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే, పోయింది పోగా ఆరు లక్షల నలభై వేల లీటర్లు అందుతాయి. మీ వాడకానికి పన్నెండు రోజులకు సరిపోతాయి. ఏడాదంతా గడవదు. అయినా వదులుకోకండి. మొదటి వానకు డాబా కడిగేసి, ఫిల్టరు పెట్టి సంపులోకి తీసుకుంటే ఆ రోజుల్లో ఉప్పు ఖర్చు ఉండదు. మిగిలింది ఇంకుడు గుంతలోకి వెళితే బోరు నీళ్లు ఏటేటా పలచబడతాయి.

(ఇంకొకాయన: మంజీరా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు అన్నీ ఒకే సంపులో పడుతున్నాయి సార్.)

ఇది మీరు ముందే చెప్పి ఉండాల్సింది, నేను ఇంతసేపు మాట్లాడిన దాంట్లో అన్నిటికంటే తొందరగా సరిచేసుకోగలిగింది ఇదే. ఉన్న కాస్త మంచినీళ్లనూ బోరు నీళ్లలో కలిపి పాడు చేసుకుంటున్నారు. మంజీరా నీళ్లకు చిన్న సంపు వేరేగా కట్టి, వంటింటి కుళాయికి ప్రత్యేకంగా ఒక లైను ఇవ్వండి. పాత బిల్డింగులో పైపు లాగడం కష్టమైతే, ప్రతి బ్లాకు కింద ఒక కుళాయి పెట్టినా పప్పుకీ తాగడానికీ బిందెలు పట్టుకోవచ్చు. ట్యాంకరు నీళ్లు కూడా ఎక్కడిదో ఒక బోరువే. మీ బోరు కంటే కఠినంగా ఉండొచ్చు. దించుకునే ముందు చుక్కల కిట్టుతో చూడండి, రెండు నిమిషాల పని.

(సంఘం కార్యదర్శి: ల్యాబుకు నీళ్లు ఎలా పట్టి పంపాలి?)

మీకు రెండు బోర్లున్నాయి కాబట్టి దేనికదే వేరే సీసా. బోరు పది నిమిషాలు ఆడాక, సంపు దగ్గర కాకుండా బోరు మూతి దగ్గరే పట్టండి. కొత్త రెండు లీటర్ల సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా నిండా నింపి, మీద బోరు నంబరు, తేదీ రాయండి. కాఠిన్యం, కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ, టీడీఎస్, క్లోరైడ్, నైట్రేట్, ఫ్లోరైడ్, ఇనుము, ఇవన్నీ కావాలని చీటీ రాసివ్వండి. ఆల్కలినిటీ, అంటే ముఖ్యంగా ఇందాక చెప్పిన బైకార్బొనేట్ల కొలత, దాని అంకె కాఠిన్యం అంకెకు సమానంగానో ఎక్కువగానో ఉంటే, మీ కాఠిన్యమంతా మరిగిస్తే పోయే రకమని అర్థం. మే నెలలో ఒకసారి, వానలు వెళ్లాక అక్టోబరులో ఒకసారి చేయించండి, అంకెలు మారతాయి. రెండు రిపోర్టులూ లిఫ్టు పక్కన అందరికీ కనబడేలా అంటించండి. ప్లంబర్ ఇక్కడే ఉన్నాడు కదా, మొదటి బోరు ఇప్పుడే ఆన్ చేయమనండి. నేను వెళ్లేలోపు ఒక సీసా పట్టేద్దాం.